బరువైన ఫోర్ బై ఫోర్‌కు టైర్లు, వీల్స్: కాటా చీటీ నుంచి నట్టు బిగింపు దాకా

టైరు షాపుకు వెళ్లే ముందు కాటాకు వెళ్లండి. ఈ మార్గదర్శిలో చెప్పబోయే ప్రతి లెక్కకూ అక్కడ ఇచ్చే చిన్న చీటీయే ఆధారం.

వారాంతం వస్తే హైదరాబాద్ నుంచి అనంతగిరి వెళ్లే దారిలో కనిపించే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) బళ్లను గమనించండి. పైన టెంటు, ముందు వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), వెనక ఫ్రిజ్, రెండో బ్యాటరీ, నీళ్ల డబ్బాలు. బండి బరువెంత అని అడిగితే ఎక్కువమంది ఆర్సీలో ఉన్న అంకె చెబుతారు. అది ఖాళీ బండి బరువు. టైరు మోసేది ఖాళీ బండిని కాదు. మనల్ని, మన సామానును, ట్యాంకు నిండా డీజిల్‌ను అది మోయాలి. ఆ అసలు బరువు తెలియకుండా టైరు కొనడమంటే కొలత ఇవ్వకుండా బట్టలు కుట్టించుకోవడమే.

మొదటి అడుగు: బండిని కాటా వేయించడం

పటాన్‌చెరు, జీడిమెట్ల, కాటేదాన్, ఆటోనగర్ లాంటి చోట్ల లారీల కోసం ధర్మకాంటాలు ఉంటాయి. ట్రిప్పుకు ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి. ట్యాంకు ఫుల్లు, నీళ్లు నింపి, టెంటు పైనే ఉంచి, మనుషులు లోపలే కూర్చుని ఉండాలి. పొద్దున్నే వెళ్తే లారీల క్యూ తక్కువ ఉంటుంది. "అన్నా, మూడుసార్లు తూకం కావాలి" అని ముందే చెబితే వాళ్లు విసుక్కోరు.

ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉంచి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి రెండోది, వెనక చక్రాలు మాత్రమే ఉంచి మూడోది. మొదటిదీ మూడోదీ కలిపితే రెండోది రావాలి. పెద్ద కాటాలు సాధారణంగా పది కిలోల అంచెల్లో చూపిస్తాయి కాబట్టి పది, ఇరవై కిలోల తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. వీలైతే నాలుగో తూకం కూడా అడగండి. వెనక కుడి చక్రం ఒక్కటే ప్లాట్‌ఫాం మీద, మిగతా మూడూ బయట. నేల, ప్లాట్‌ఫాం ఒకే ఎత్తులో ఉంటేనే ఈ అంకెను నమ్మవచ్చు. నా ఏడు సీట్ల డీజిల్ బండికి వచ్చిన లెక్క ఇది: మొత్తం 2880 కిలోలు, ముందు 1310, వెనక 1570. వెనక కుడి ఒక్కటే 830. నీళ్ల డబ్బాలు, ఫ్రిజ్ రెండూ కుడి వైపే కట్టానని ఆ చీటీ చూశాకే గుర్తొచ్చింది.

రెండో అడుగు: ముందు బరువు దించడం

బండి ఛాసిస్ ప్లేటు మీద జీవీడబ్ల్యూ ఉంటుంది. మనుషులతో, సామానుతో కలిపి బండి మోయగల గరిష్ఠ బరువు అది. నా బండికి 2735. అంటే నేను 145 కిలోలు ఎక్కువ మోస్తున్నా. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బలమైన టైరు వేస్తే ఎక్కువ బరువు మోయొచ్చు అనుకుంటారు. టైరు మారిస్తే బ్రేకులు మారవు, బేరింగులు మారవు, స్ప్రింగులూ ఛాసిసూ మారవు. జీవీడబ్ల్యూ ఒక్క కిలో కూడా పెరగదు.

కాబట్టి దించండి. నేను ముందున్న ఇనుప బుల్‌బార్ తీసేశా. అది నలభై అయిదు కిలోలు. బుల్‌బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పాదచారికి తగిలితే అది చేసే గాయం సంగతి సరేసరి. పైన ఉండే టెంటు తీసి నేల టెంటు పెట్టుకున్నా. దాంతో గుట్ట పక్కవాలులో బండి ఊగడం కూడా తగ్గింది. నీళ్లు సగం చేశా. లీటరు నీళ్లంటే కిలో, డీజిల్ లీటరుకు దాదాపు 830 గ్రాములు అని గుర్తుంచుకుంటే సామాను సర్దేటప్పుడే లెక్క తెలిసిపోతుంది. ఒకే పనికి రెండేసి ఉన్న పనిముట్లు కూడా ఇంట్లో పెట్టేశా. మళ్లీ కాటా వేయిస్తే మొత్తం 2720 వచ్చింది. ముందు 1250, వెనక 1470. ఫ్రిజ్‌ను మధ్యకు జరిపాక వెనక కుడి 770కి దిగింది.

మూడో అడుగు: సైడ్‌వాల్ చదవడం

టైరు పక్కన 265/65 ఆర్17 112హెచ్ అని రాసి ఉందనుకోండి. 265 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం ఎత్తున సైడ్‌వాల్ ఉందని. ఆర్ అంటే రేడియల్, 17 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం. మనకు కావలసింది దాని తర్వాత ఉన్న అంకె. 112 అనేది లోడ్ ఇండెక్స్. అది కిలోలు కాదు, పట్టికలో వరస సంఖ్య. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 105 అంటే 925, 108 అంటే 1000, 110 అంటే 1060, 112 అంటే 1120, 115 అంటే 1215, 121 అంటే 1450. ఇదంతా ఒక్క టైరుకు. చివర అక్షరం వేగానిది: క్యూ అంటే 160, ఎస్ అంటే 180, టీ అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. నాలుగు చక్రాల్లో ఎక్కువ బరువు మోస్తున్న దాన్ని పట్టుకోండి. దానికి ఇరవై శాతం కలపండి. గుంతలో పడ్డప్పుడు, దిగుడులో బ్రేకు వేసినప్పుడు, ఓ చక్రం గాల్లోకి లేచినప్పుడు బరువు మిగతావాటి మీదకు వచ్చి పడుతుంది. ఇరవై శాతం అనేది నేను పాటించే లెక్క, రూలేమీ కాదు. నా బండికి 770కి ఇరవై శాతం కలిపితే 924, అంటే 105 ఇండెక్స్ చాలు. కానీ కంపెనీ ఇచ్చిన టైరు 112. మన లెక్కా కంపెనీ అంకే పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే అదే తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన ఇండెక్స్ కంటే కిందికి ఎప్పుడూ దిగొద్దు, డిస్కౌంట్ ఎంత ఊరించినా సరే.

వేగం అక్షరం కూడా చూసుకోవాలి. మడ్ టెర్రైన్ (బురద కోసం లోతైన గాడులతో చేసే) టైర్లు చాలావాటికి క్యూ ఉంటుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి గరిష్ఠ వేగం 120. క్యూ దానికి సరిపోతుంది కానీ, కంపెనీ హెచ్ ఇచ్చిన బండికి క్యూ వేస్తే ఆ సంగతి బండి నడిపే ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఉంచండి.

అలాగే ఐఎస్‌ఐ గుర్తు చూడండి. ప్యాసింజర్ కార్ల టైర్లకు ఐఎస్ 15633, కమర్షియల్ రకానికి ఐఎస్ 15636. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాదికి మించి గోడౌన్‌లో ఉన్న టైరు నేను తీసుకోను. మన ఎండలకు రేకుల షెడ్డులో పడి ఉన్న రబ్బరు బయటికి కొత్తగానే కనిపిస్తుంది.

నాలుగో అడుగు: ఆ అంకె ఎంత గాలికి?

అన్నిటికంటే ముఖ్యమైనదీ, షాపులో ఎవరూ చెప్పనిదీ ఇదే. లోడ్ ఇండెక్స్ చెప్పే బరువును టైరు ఎప్పుడు పడితే అప్పుడు మోయదు. దానికంటూ చెప్పిన గాలి ఉంటేనే మోస్తుంది. బరువు మోసేది నిజానికి లోపలి గాలి. రబ్బరు, తీగలు, దారాలు ఉన్నది ఆ గాలిని పట్టి ఉంచడానికి.

మామూలు ప్యాసింజర్ రకం టైరు తన పూర్తి లోడును 35, 36 పాయింట్ల (గాలి ఒత్తిడి కొలత, పీఎస్‌ఐ) దగ్గరే మోస్తుంది. ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని రాసి ఉన్నదానికి 41, 42 కావాలి. ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ టైర్ల సంగతి వేరు. వాటికి లోడ్ రేంజ్ సీ, డీ, ఈ అని ఉంటాయి. పాత మాటలో ఆరు, ఎనిమిది, పది ప్లై రేటింగు. సాధారణంగా సీ 50 పాయింట్ల దగ్గర, డీ 65 దగ్గర, ఈ 80 దగ్గర పూర్తి లోడు మోస్తాయి. ప్లై రేటింగు అంటే నిజంగా పది పొరలు ఉంటాయని కాదు. అది బలానికి పెట్టిన పాత పేరు. అసలు పొరలెన్నో సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాల్లో విడిగా రాసి ఉంటుంది, చదవండి.

ఒకే సైజులో పోల్చి చూద్దాం. 265/70 ఆర్17 మామూలు రకంలో 115, అంటే 35, 36 పాయింట్ల దగ్గర 1215 కిలోలు. అదే సైజు ఎల్‌టీ, లోడ్ రేంజ్ సీలో 112. అది 1120 కిలోలు మోయాలంటే 50 పాయింట్లు కావాలి. లోడ్ రేంజ్ ఈలో 121, అంటే 1450 కిలోలు, కానీ 80 పాయింట్ల దగ్గర. ఇప్పుడు మనం చేసేదేమిటి? పది ప్లై టైర్లు వేయించి, డోర్ దగ్గర స్టిక్కర్ చూసి పాత లెక్కన 33 కొట్టిస్తాం. అక్కడ ఆ బలమైన టైరు తన 1450కి చాలా తక్కువే మోయగలదు. తీసేసిన మామూలు టైరు అదే గాలికి అంతకంటే ఎక్కువ మోసేది. గాలి తక్కువై సైడ్‌వాల్ చక్రం తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది, నలిగితే వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం, నిండు బరువుతో, ఔటర్ మీద గంటసేపు వంద దాటి పోతుంటే ఆ వేడికి లోపలి బెల్టులు (ఉక్కు తీగల పట్టీలు) విడిపోతాయి. టైరు పేలాక రోడ్డు పక్కన అందరూ ఎండను తిడతారు. చాలాసార్లు అసలు తప్పు గాలిది.

కాబట్టి ఎల్‌టీ టైరు కొంటే, ఎంత బరువుకు ఎంత గాలి అనే కంపెనీ పట్టిక అడిగి తీసుకోండి. పెద్ద కంపెనీలన్నిటికీ ఆ పట్టిక ఉంటుంది. మీ కాటా చీటీలోని ముందు యాక్సిల్ బరువులో సగం, వెనక యాక్సిల్ బరువులో సగం తీసుకోండి. మూలలు విడిగా తూచి ఉంటే ఆ యాక్సిల్ మీద బరువెక్కువ ఉన్న చక్రం అంకె తీసుకుని, పట్టికలో ఆ వరస చూడండి. ముందుకో గాలి, వెనక్కో గాలి రావడం సహజమే. సరిచూసుకోవడానికి ఆఫ్‌రోడ్ వాళ్లు వాడే పద్ధతి ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి, గంట ప్రయాణం తర్వాత మళ్లీ కొలవండి. నాలుగు నుంచి ఆరు పాయింట్లు పెరిగితే బాగానే ఉన్నట్టు. అంతకు మించి పెరిగితే చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి చాలలేదని అర్థం. వేడి మీద పెరిగిన గాలిని మాత్రం తీసేయకండి.

ఇంత లెక్క వేశాక నా సలహా ఏమిటంటే, బండి జీవీడబ్ల్యూ లోపలే ఉంటే లోడు కోసం ఎల్‌టీ అవసరం చాలామందికి రాదు. అది కోతలను తట్టుకోవడానికి కావాలి. మన హైదరాబాద్ చుట్టుపక్కల రాయి ఎక్కువగా గ్రానైట్. పగిలిన గ్రానైట్ అంచు కత్తిలా ఉంటుంది. ఎక్కువగా రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకు ఎల్‌టీ మంచిది. నెలకోసారి మట్టి దారిలో ఫాంహౌస్‌కు వెళ్లేవాళ్లకు మామూలు నిర్మాణంలో వచ్చే ఆల్ టెర్రైన్ (తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే రకం) చాలు. తేలిగ్గా ఉంటుంది, బ్రేకు బాగా పడుతుంది, నడుముకూ సుఖం.

అయిదో అడుగు: వీలు వెనక్కి తిప్పి చూడటం

టైరు లోడు అడిగేవాళ్లు పదిమందిలో ఇద్దరైనా ఉంటారు. వీలు లోడు అడిగేవాళ్లు నాకింకా కనబడలేదు. నేనూ అడగలేదు, ఆ ఫలితం అనుభవించా. మొదటిసారి అలాయ్స్ మార్చినప్పుడు డిజైన్ చూసి తీసుకున్నా. ఆరు నెలలకు వెనక టైరులో వారానికోసారి గాలి దిగడం మొదలైంది. పంక్చర్ షాపులో రెండుసార్లు చూసి మేకు లేదన్నారు. మూడోసారి చక్రం విప్పి, లోపలి వైపు సబ్బు నీళ్లు పోశాం. టైరు దగ్గర ఏమీ రాలేదు. రిమ్ము లోపలి అంచు నుంచి స్పోకు మొదలు దాకా, వెంట్రుక మందాన గీత పొడవునా, ఆవగింజలంత బుడగలు వరసగా పొంగాయి. ఆ వీలుతోనే ముందు వారం పిల్లలను తీసుకుని శ్రీశైలం ఘాటు దిగి వచ్చాం. వీలు వెనక చూస్తే 690 అని అచ్చు పోసి ఉంది. కిలోలు. నా బండి వెనక కుడి చక్రం అప్పటికే 830 మోస్తోంది.

అప్పటి నుంచి ఏ వీలైనా ముందు వెనక్కి తిప్పి చూస్తా. స్పోకుల వెనకో, నట్టు రంధ్రాల చుట్టో మ్యాక్స్ లోడ్ అని కిలోల్లోనో పౌండ్లలోనో ఉంటుంది. పౌండ్లను 2.2తో భాగిస్తే కిలోలు. ఆ అంకె కనీసం మీ బండి యాక్సిల్ రేటింగులో (ఒక్కో ఇరుసు మోయగలదని కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువులో) సగం ఉండాలి. యాక్సిల్ రేటింగు దొరక్కపోతే, ఎక్కువ బరువున్న చక్రానికి ఇరవై శాతం కలిపిన లెక్క కంటే తగ్గకూడదు. బరువైన ఆఫ్‌రోడ్ బళ్ల కోసం చేసే వీల్స్‌కు 1000 నుంచి 1250 కిలోల దాకా రేటింగు మామూలే. జేడబ్ల్యూఎల్ అనేది జపాన్ అలాయ్ ప్రమాణం, జేడబ్ల్యూఎల్-టీ అయితే ట్రక్కులు, బస్సుల తరహాకు. అంకె లేని వీలును ఎంత అందంగా ఉన్నా కొనకండి. రాణిగంజ్‌లో ఓ దుకాణంలో అంకె ఎక్కడని అడిగితే, "అన్నా, ఇది పెద్ద బళ్లన్నిటికీ పడుతది, ఏం టెన్షన్ లేదు" అన్నారు. పట్టడం వేరు, మోయడం వేరు.

ఇక పట్టడం గురించి. నట్టుల సంఖ్య, వాటి వలయం వ్యాసం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (ఇరుసు చివరి హబ్బుకు ఆనే తలం వీలు నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) నాలుగూ కలవాలి. ఫార్చ్యూనర్, హైలక్స్‌లకు ఆరు నట్టులు, 139.7 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 106.1. జిమ్నీకి కూడా 139.7 వలయమే, కానీ నట్టులు అయిదు, రంధ్రం 108. ఒక్క అంకె కలిసిందని తీసుకోకూడదు. మధ్య రంధ్రం పెద్దదైతే వీలు హబ్బు మీద కూర్చోదు, నట్టుల మీద వేలాడుతుంది.

ఆఫ్‌సెట్ గురించి గట్టిగా చెబుతా. కంపెనీది ప్లస్ 30 అయి మీరు మైనస్ 10 వేస్తే, చక్రం 40 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. చూడటానికి బండి వెడల్పుగా, ఠీవిగా ఉంటుంది. కానీ బిందెను ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో బేరింగుకు అంత తేడా పడుతుంది. స్టీరింగు లాగుతుంది, బురద అద్దాల దాకా ఎగురుతుంది. స్పేసర్లు (హబ్బుకూ వీలుకూ మధ్య పెట్టే బిళ్లలు) పెట్టినా జరిగేది ఇదే. నేను వద్దంటా.

స్టీలా, అలాయా అంటే, రాళ్లలో దెబ్బ తిన్న స్టీలు రిమ్ము వంగుతుంది. పల్లెలో కూడా సుత్తితో సరిచేసి ఇల్లు చేరొచ్చు. పోత అలాయ్ పగులుతుంది. పగిలిన అలాయ్‌కి వెల్డింగ్ పెట్టి అమ్మేవాళ్లున్నారు. ప్రాణాల మీద ప్రేమ ఉంటే తీసుకోకండి.

ఆరో అడుగు: సైజు పెంచాలా?

265/65 ఆర్17 వ్యాసం సుమారు 776 మిల్లీమీటర్లు, 265/70 ఆర్17 సుమారు 803. తేడా మూడున్నర శాతం లోపే. మీటరు వంద చూపిస్తే బండి 103 పైన పోతుంటుంది. ఇంతవరకు చాలా బళ్లు భరిస్తాయి. అంతకు మించితే పికప్ తగ్గుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుంది. పైగా పెద్ద టైరు బరువు కూడా మీ జీవీడబ్ల్యూ లెక్కలోనే పడుతుంది.

బండి నిర్మాణాన్ని కంపెనీ చెప్పినదానికి భిన్నంగా మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా సమర్థించింది. కంపెనీ అదే మోడల్‌లో ఏ వేరియంట్‌కైనా ఇచ్చిన సైజు వరకు ఉంటే నిశ్చింత. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

గ్రిప్పు రకం నేలను బట్టి ఎంచుకోవాలి. వికారాబాద్, జహీరాబాద్ వైపు వానాకాలం నల్లరేగడిలో ఆల్ టెర్రైన్ టైరు గాడులు బంకతో నిండిపోయి టైరు నున్నటి డ్రమ్ములా తయారవుతుంది. అక్కడ మడ్ టెర్రైన్‌దే పైచేయి. కానీ ఏడాదిలో ఆ పని ఎన్ని రోజులుంటుంది? మిగతా రోజులు తడి తారు రోడ్డు మీద అది జారుతుంది, కేబిన్‌లో హోరు పెడుతుంది.

ఏడో అడుగు: బిగించే రోజు

దగ్గరుండి చేయించండి. 65 పాయింట్ల కంటే ఎక్కువ గాలి పెట్టేటట్టయితే మామూలు రబ్బరు వాల్వు పనికిరాదు, లోహపు వాల్వు వేయమనండి. రిమ్ము వెడల్పు టైరుకు సరిపోవాలి. 265/70 ఆర్17కి ఏడు నుంచి తొమ్మిది అంగుళాలు. నట్టులు కొత్త వీలుకు తగినవే ఉండాలి. కంపెనీ అలాయ్‌కి వాషర్ ఉన్న చదును నట్టులు ఉండి, కొత్త అలాయ్ రంధ్రం శంకువు ఆకారంలో ఉంటే పాత నట్టులు అంచు మీదే ఆనుతాయి, కొన్నాళ్లకు వదులవుతాయి. నట్టులు బిగించే గన్నుతో ఎడాపెడా బిగించనివ్వకండి. చేత్తో నక్షత్రం వరసలో బిగించి, టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి) మాన్యువల్‌లో ఉన్న అంకెకు ఆపాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే రెంచితో సరిచూడండి. స్టెప్నీ కూడా అదే సైజు, అదే లోడు ఉండాలి. ఫోర్ వీల్ పెట్టి నడిపే బండికి వేరే వ్యాసం ఉన్న స్టెప్నీ వేస్తే గేరుపెట్టె దెబ్బతింటుంది.

ఎనిమిదో అడుగు: గాలి దించడం, మళ్లీ ఎక్కించడం

రాళ్లలో, ఇసుకలో గాలి 18, 20 పాయింట్లకు దించితే టైరు నేలను హత్తుకుంటుంది. ఆ గాలికి టైరు మోయగల బరువూ పడిపోతుంది కాబట్టి వేగం 30 దాటకూడదు, మలుపులు నెమ్మదిగా తిరగాలి. తారు రోడ్డు తగలగానే ఆగి గాలి ఎక్కించాలి. "ముందు ఊళ్లో కొట్టిద్దాంలే" అనుకునే ఆ పది కిలోమీటర్లలోనే టైరు లోపల పాడవుతుంది. బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ ఒకటి బండిలో ఉంచుకోండి. చిన్నదైతే టైరుకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఒకరు గాలి పడుతుంటే మరొకరు నాలుగు చక్రాల లోపలి వైపూ టార్చి వేసి చూడండి. రాయి ఇరుక్కుందా, సైడ్‌వాల్ కోసుకుందా, రిమ్ము అంచు వంగిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. సైడ్‌వాల్ కోతలో దారాలు కనబడితే ఆ టైరుతో ఔటర్ ఎక్కకండి, అక్కడే స్టెప్నీ వేసుకోండి.